మదనపల్లె ప్రిన్సిపాల్, మలయాళ దేశపు బొమ్మలు: ఒక ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కథ

మాది పుంగనూరు. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది పొట్టి ఆవు గురించే. ఆవు మీద ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈరోజు బస్సెక్కి పక్కనే ఉన్న మదనపల్లెకు పోదాం. టమాటా మార్కెట్‌కు కాదు లెండి, బీటీ కాలేజీకి. బీటీ అంటే బిసెంట్ థియోసాఫికల్.

ఆ కాలేజీ అనగానే మనకు గుర్తొచ్చే కథ ఒకటే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు, జనగణమన పాడారు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాశారు. ఆగస్టు 15 వచ్చిందంటే ఈ కథ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. మంచిదే. కానీ టాగూర్‌ను ఆ ఊరికి పిలిచిన ప్రిన్సిపాల్ సంగతి ఎవరూ చెప్పరు. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. ఐర్లండ్ దేశస్థుడు, కవి. కుంచె పట్టి పేరు తెచ్చుకున్న మనిషి కాదు. అయినా తర్వాతి కాలంలో రెండు సంస్థానాలు చిత్రశాలల కోసం ఆయన్ను పిలిపించుకున్నాయి. ఒక యూనివర్సిటీ పదేళ్ళపాటు తన ఫైన్ ఆర్ట్స్ శాఖను ఆయన చేతిలో పెట్టింది.

నా ప్రశ్న ఇది. మనిషి మన పక్కూరి కాలేజీలో ఉన్నవాడే. మరి ఆయన కట్టిన చిత్రశాలలు చూడాలంటే మైసూరుకో, తిరువనంతపురానికో ఎందుకు పోవాల్సి వస్తోంది? దీనికి జవాబు వెతికితే, బొమ్మలు ఎట్లా బతుకుతాయో, ఎట్లా పోతాయో కూడా తెలిసిపోతుంది. మీ కాలేజీలో ఒక పాత పటమైనా గోడకు వేలాడుతుంటే ఈ ఎపిసోడ్ మీకే.

సరే, మొదటి నుంచి వద్దాం.

కజిన్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. భార్య మార్గరెట్. ఆవిడ సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి, ఆడవాళ్ళకు ఓటు హక్కు కావాలని ఐర్లండ్‌లో పోరాడి జైలుకు కూడా పోయొచ్చారు. 1915లో ఇద్దరూ మన దేశానికి వచ్చారు. పిలిచింది అనీ బిసెంట్. మద్రాసులో ఆమె నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో కజిన్స్‌కు ఉద్యోగం ఇచ్చారు.

ఆ ఉద్యోగం ఎక్కువ రోజులు నిలవలేదు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు లేచింది. ఈస్టర్ తిరుగుబాటు అంటారు. దాన్ని మెచ్చుకుంటూ కజిన్స్ పత్రికలో రాశారు. ఏలుతున్నది బ్రిటిష్ వాళ్ళు, రాసింది వాళ్ళ మీద తిరగబడ్డవాళ్ళ గురించి. ఊరుకుంటారా? ఉద్యోగం పోయింది. అప్పుడు బిసెంట్ ఆయన్ను పంపించింది మదనపల్లె కాలేజీకి, ఇంగ్లీషు పాఠాలు చెప్పమని. అట్లా ఒక ఐరిష్ కవి మన సీమకు వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ గొడవలన్నీ జరిగిన అదే 1916లో కజిన్స్ మద్రాసులో ఇంకో పని కూడా చేశారు. కలకత్తాలో అవనీంద్రనాథ్ టాగూర్, ఆయన శిష్యులు వేస్తున్న కొత్త రకం బొమ్మలను తెప్పించి మద్రాసులో ప్రదర్శన పెట్టించారు. బెంగాల్ శైలి అంటామే, అవే. అప్పట్లో మన దక్షిణాదిన వాటిని కళ్ళారా చూసినవాళ్ళు చాలా తక్కువ.

ఆ బొమ్మలు ఎట్లా వేసేవాళ్ళో తెలిస్తే వాటిని దాచడం ఎంత కష్టమో అర్థమవుతుంది. కాగితం మీద నీటి రంగు పల్చగా పూస్తారు. దాన్ని నీళ్ళలో తడిపి మళ్ళీ పూస్తారు. ఇట్లా పొరమీద పొర. 'వాష్' పద్ధతి అంటారు. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో కలకత్తాకు వచ్చినప్పుడు వాళ్ళ దగ్గర చూసి అవనీంద్రనాథ్ దాన్ని తన పద్ధతిలోకి మార్చుకున్నారు. చూడ్డానికి పొగమంచు పట్టినట్టు ఎంతో అందంగా ఉంటుంది. కానీ ఒంట్లో బలం లేని బొమ్మ అది. ఎండ తగిలితే వెలిసిపోతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది, పట్టించుకోకపోతే పురుగు కాగితాన్ని తినేస్తుంది.

మదనపల్లెకు వచ్చాక కజిన్స్ 1918లో ఒక పుస్తకం రాశారు, పేరు 'ద రినైసెన్స్ ఇన్ ఇండియా'. భారతదేశంలో కొత్తగా వస్తున్న మేలుకొలుపు గురించి. అది చదివి పాండిచ్చేరిలో ఉన్న అరవిందులు తన పత్రిక 'ఆర్య'లో అదే పేరుతో వరుసగా వ్యాసాలు రాశారు. మన మదనపల్లెలో ఉన్న ఒక మేష్టారు పుస్తకానికి అరవిందులంతటి మనిషి కూర్చుని జవాబు రాశారంటే, ఊరు చిన్నదైనా మాట ఎంత దూరం పోయిందో చూడండి.

తర్వాత 1919. టాగూర్ దక్షిణాదిన ఉపన్యాసాలు చెప్తూ తిరుగుతున్నారు. ఆ పర్యటనలో ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఒకటుంది: మన దేశపు విశ్వవిద్యాలయం అంటే పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే ఆఫీసు కాకూడదు, సంగీతానికీ చిత్రకళకూ అందులో పెద్ద పీట ఉండాలి అని. ఆ ప్రయాణంలోనే అలిసిపోయి, కాస్త చల్లగా ఉండే మదనపల్లెలో విశ్రాంతికి ఆగారు. కాలేజీలో బుధవారం సాయంత్రాలు అందరూ చేరి పాటలు పాడుకునేవాళ్ళు. అక్కడ ఆయన జనగణమన పాడారు. తర్వాత ఇంగ్లీషులోకి మార్చి 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టారు. మార్గరెట్ ఆయన దగ్గర కూర్చుని, బాణీ వింటూ, స్వరాలు ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టారు.

ఆవిడ చేసిన పనిని మనం చిన్నగా చూస్తాం. పాటంటే గాలి. పాడిన క్షణంలో ఉంటుంది, ఆపగానే పోతుంది. దాన్ని పట్టుకుని, ఇంకో మనిషి రేపు మళ్ళీ పాడగలిగేట్టు రాసిపెట్టడం ఉంది చూశారూ, మ్యూజియంలో చేసే పని అదే. వచ్చినదాన్ని నమోదు చేసి, తర్వాతి మనిషికి అందేట్టు పెట్టడం. మదనపల్లెలో ఆ పని పాటకు జరిగింది.

మరి బొమ్మలకో? దానికి కజిన్స్ వేరే ఊర్లకు పోవాల్సి వచ్చింది.

1919లోనే ఆయన జపాన్ వెళ్ళి తోక్యోలో కేయో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పొచ్చారు. అక్కడి చిత్రకళను దగ్గర నుంచి చూశారు. 1924లో మైసూరులో జగన్మోహన్ ప్యాలెస్‌లో చిత్రశాల ఏర్పాటులో మహారాజుకు సాయపడ్డారు. ఇప్పుడు మనం టికెట్ కొని చూసేది దాన్నే, జయచామరాజేంద్ర ఆర్ట్ గ్యాలరీ. 1930లలో మళ్ళీ మదనపల్లెకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆ రోజుల్లోనే, 1934లో, తిరువాన్కూరు సంస్థానం ఆయన్ను కళా సలహాదారుగా పెట్టుకుంది. 1935 సెప్టెంబరులో తిరువనంతపురంలో శ్రీచిత్రాలయం తెరిచారు.

ఆ చిత్రాలయంలో ఏమేం పెట్టారో చెప్తా వినండి. రాజా రవివర్మ తైలచిత్రాలు. తంజావూరు పటాలు. మొగలు, రాజపుత్ర చిత్రాలు. బెంగాల్ శైలి వాళ్ళవి. రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ హిమాలయాల బొమ్మలు. చైనా, జపాన్, టిబెట్, బాలి నుంచి వచ్చినవి. కేరళ గుళ్ళల్లో, రాజభవనాల్లో గోడల మీదున్న చిత్రాలకు నకళ్ళు. ఒకే కప్పు కింద ఇవన్నీ.

దీంట్లో నాకు ముఖ్యంగా నచ్చింది రవివర్మ ఉండటం. ఎందుకంటే బెంగాల్ శైలిని మోసినవాళ్ళకు రవివర్మంటే పడదు. ఆయనది యూరప్ పద్ధతి, మన దేవుళ్ళకు నాటకం వేషాలు వేశాడు అని సిస్టర్ నివేదిత, ఆనంద కుమారస్వామి లాంటివాళ్ళు గట్టిగానే విమర్శించారు. కజిన్స్ నిలబడ్డదీ ఆ బెంగాల్ పక్షానే. అయినా చిత్రాలయంలో రవివర్మకు చోటుంది. బొమ్మలు కాపాడే సీట్లో కూర్చున్న మనిషికి ఇది మొదటి పరీక్ష. నీకు నచ్చింది మాత్రమే దాచిపెడితే అది నీ ఇంటి అల్మరా అవుతుంది. నీకు నచ్చనిదాన్ని కూడా, రేపటివాళ్ళు చూసి తేల్చుకుంటారులే అని దాచిపెడితే అది ఊరందరి సంగ్రహం అవుతుంది.

1937లో తిరువాన్కూరు విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పటి కేరళ విశ్వవిద్యాలయం అదే. దివాన్ సర్ సీపీ రామస్వామి అయ్యర్ వైస్‌ఛాన్సలర్. ఆయన హోంరూల్ రోజుల్లో అనీ బిసెంట్‌తో కలిసి పనిచేసిన మనిషి. 1938 నుంచి 1948 దాకా అక్కడ ఫైన్ ఆర్ట్స్ శాఖ అధిపతి జేమ్స్ కజిన్స్. అప్పటికే అరవై దాటిన వయసు.

ఇప్పుడు కాస్త ఆగి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ హెడ్ అంటే ఏం పనో చూద్దాం. బయట నుంచి చూస్తే బొమ్మలు నేర్పే పని అనిపిస్తుంది. లోపల రెండు పనులుంటాయి, రెండూ రోజూ కొట్లాడుకుంటూనే ఉంటాయి.

మొదటిది చదువు. పిల్లలకు అసలు బొమ్మ చూపించాలి. పుస్తకంలో అచ్చయిన బొమ్మ చూస్తే రంగు ఎంత మందంగా పడిందో, కాగితం ఎట్లాంటిదో తెలీదు. కాబట్టి తలుపులు తెరవాలి, లైట్లు వెయ్యాలి.

రెండోది రక్ష. దానికి తలుపులు ముయ్యాలి, లైట్లు తగ్గించాలి. కాగితం మీది నీటి రంగుల బొమ్మకు మ్యూజియంల వాళ్ళు సాధారణంగా 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వరు. మన క్లాస్‌రూముల్లో ట్యూబ్‌లైట్ల కింద దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా వెలుతురు చేసిన నష్టం తిరిగి రాదు. వెలిసిన రంగుకు మందు లేదు. తిరువనంతపురంలో ఏడాదికి రెండు వానాకాలాలు. గాల్లో తేమ తగ్గదు. బట్ట మీద వేసిన తైలచిత్రం వదులై సాగుతుంది, కాగితానికి బూజు పడుతుంది.

ఈ రెండిటికీ మధ్యలో డబ్బులు. ఉన్న బడ్జెట్‌తో పిల్లలకు రంగులు కొనాలా, పాత బొమ్మలకు ఫ్రేములు మార్చాలా? పిల్లలు ఎదురుగా ఉంటారు, అడుగుతారు. పాత బొమ్మ నోరెత్తి అడగదు. అందుకే ఎప్పుడూ అదే ఆగిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతి బ్యాచ్ పోతూపోతూ బొమ్మలు వదిలి పోతుంది. అన్నీ దాచలేరు, చోటుండదు. ఏది ఉంచాలి, ఏది పిల్లలకే తిరిగివ్వాలి? ఆ నిర్ణయం తీసుకునే మనిషి, కారణం రాసిపెట్టకపోతే, పదేళ్ళ తర్వాత గది నిండా పేర్లు లేని అట్టలు మిగులుతాయి.

కజిన్స్ పదేళ్ళలో చేసిన మంచి పని ఇక్కడే కనిపిస్తుంది. బొమ్మలు సేకరించి ఊరుకోలేదు. 1948లో స్టెల్లా క్రామ్‌రిష్, కజిన్స్, అక్కడి పురావస్తు శాఖకు చెందిన వాసుదేవ పొదువాళ్ ముగ్గురూ కలిసి తిరువాన్కూరు కళల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. ఏమున్నాయి, ఎక్కడున్నాయి, వాటి విలువేమిటి అని అచ్చులో పెట్టారు. అచ్చులో ఉన్నదాన్ని మాయం చెయ్యడం కష్టం. రాజు పోయినా, దివాన్ పోయినా, సంస్థానం కలిసిపోయినా, లెక్క ఉంటే బొమ్మను అడిగేవాళ్ళుంటారు. తిరువాన్కూరు 1949లో కొచ్చిన్‌తో కలిసింది, 1956లో కేరళ అయింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా చిత్రాలయం మిగిలింది. 2023లో అదే మ్యూజియం ప్రాంగణంలో రవివర్మ చిత్రాలకు ప్రత్యేకంగా కొత్త గ్యాలరీ కూడా తెరిచారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మదనపల్లెకు ఎందుకు దక్కలేదు?

మనిషి ఉన్నాడు. అభిరుచి ఉంది. స్నేహాలున్నాయి. లేనివి మూడు. ఒకటి, చెదపట్టని, తేమ లేని గది. రెండు, ఏటేటా తప్పకుండా వచ్చే డబ్బు. మూడు, ఒకరు పోతే ఇంకొకరు కూర్చునే సీటు. రాజులకు ఈ మూడూ ఇవ్వడం చేతిలో పని. విరాళాల మీద, ఫీజుల మీద నడిచే కాలేజీకి జీతాలు ఇవ్వడమే గొప్ప. మన టమాటాతో పోల్చి చెప్తా. పండించే రైతు మనవాడే, కాయ మనదే. దాచే కోల్డ్ స్టోరేజీ లేకపోతే మంచి కాయ కూడా రోడ్డు పక్కన పారబోయాల్సిందే. పండించడం ఒక విద్య, దాచడం ఇంకో విద్య.

అయితే రాజు లేకపోతే అసలు కాదా అంటే, అట్లా కూడా అనలేం. రాజమండ్రి చూడండి. దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ముప్పై కూడా నిండలేదు. చిన్నప్పుడు ఆయన చేతిలో విద్యను గుర్తించింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయనా మన కజిన్స్ లాగే కాలేజీ నడుపుతూ బొమ్మల మీద ప్రాణం పెట్టిన మనిషి. బొంబాయిలో చదువుకుని వచ్చి రామారావు ఊర్లోనే చిత్రకళాశాల పెట్టారు. పోయాక ఆ బొమ్మలు చెదిరిపోకుండా నిలబెట్టింది భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం. ఈరోజు రాజమండ్రిలో దామెర్ల పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉందంటే, మొదట్లో ఏ రాజూ కట్టించలేదు. ఇద్దరు ముగ్గురు మొండిగా పట్టుకుని కూర్చున్నారు.

బందరులోనూ అంతే. 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు 1935లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. గురువు పోతే శిష్యుడు కూర్చున్నాడు. నేను సీటు అంటున్నది దీన్నే.

ఇవన్నీ పాత కథలని అనుకోకండి. ఈమధ్య నేను ఒక కాలేజీకి పోయాను, పేరు వద్దు. వరండాలో ఒక నీటి రంగుల బొమ్మ ఉంది. ఎవరు వేశారని అడిగితే ఎవరికీ తెలీదు. స్టాక్ రిజిస్టర్ తీశారు. కుర్చీలు, బల్లలు, బీరువాల మధ్య ఒక లైను: 'ఫ్రేము కట్టిన పటం, ఒకటి'. అంతే. చిత్రకారుడి పేరు లేదు, ఏడాది లేదు, ఎట్లా వచ్చిందో లేదు. లెక్క ప్రకారం అది ఒక ఫర్నిచర్. విరిగిపోయిన కుర్చీతో పాటు ఒకరోజు దాన్నీ కొట్టేసి పాత సామాన్ల వాడికి అమ్మినా, కాగితం మీద ఎవరిదీ తప్పు కాదు. నాకు భయం వేసేది ఇక్కడే. దొంగ ఎత్తుకుపోతే కేసైనా పెడతారు. లెక్కలో లేని బొమ్మ పోతే, పోయిందని కూడా ఎవరికీ తెలీదు.

మీ చేతిలో ఫోన్ ఉంది కదా. కజిన్స్‌కు ఆ రోజుల్లో లేని వసతి మీకుంది. మీ కాలేజీలో, మీ స్కూల్లో పాత బొమ్మో, విగ్రహమో ఉంటే ప్రిన్సిపాల్ గారిని అడిగి, పర్మిషన్ తీసుకుని ఈ పని చెయ్యండి. ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో వస్తువుకు ఒక నంబరు. దాని కింద ఎవరు వేశారు, దేంతో వేశారు, పొడవు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, ఎట్లా వచ్చింది, ఎక్కడుంది, ఇప్పుడెట్లా ఉంది అని రాయండి. ముందు ఒక ఫోటో, వెనక ఒక ఫోటో. వెనక్కాల సంతకాలు, తేదీలు, పాత చీటీలు ఉంటాయి, వాటిని పీకొద్దు. రిటైరైన సార్లను, మేడంలను అడగండి. సగం చరిత్ర వాళ్ళ నోట్లోనే ఉంటుంది.

చెయ్యకూడనివి కూడా చెప్తా. చిరిగిందని సెల్లోటేప్ వెయ్యొద్దు, పసుపు మరక దిగి పోదు. ల్యామినేషన్ అసలే వద్దు, మళ్ళీ విడదీయలేం. తడిగుడ్డతో తుడవొద్దు. బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట మౌంటు ఉండాలి. ఎదురెండ పడే గోడకు, వాననీళ్ళు కారే గోడకు తగిలించొద్దు. బాగుచెయ్యడం మన పని కాదు, దానికి చదువుకున్నవాళ్ళున్నారు. జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ ప్రయోగశాల అని లక్నోలో ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం మైసూరులో ఉంది, మనకు మరీ దూరమేమీ కాదు. మన పని లెక్క రాయడం, ఇంకా పాడు కాకుండా చూడటం.

ఆ నోట్‌బుక్ నకలు ఒకటి ప్రిన్సిపాల్ దగ్గర, ఒకటి లైబ్రరీలో పెట్టించండి. మీరు కోర్సు అయిపోయి వెళ్ళేటప్పుడు జూనియర్‌కు అప్పజెప్పండి. ఆ అప్పగింత లేకపోతే మీరు చేసిందంతా మీతోనే పోతుంది.

చివరగా కజిన్స్ దంపతుల సంగతి చెప్పి ముగిస్తా. 1950లో ఇద్దరూ కలిసి రాసిన ఆత్మకథ వచ్చింది, పేరు 'వియ్ టూ టుగెదర్'. మార్గరెట్ పక్షవాతంతో చాలా ఏళ్ళు బాధపడి 1954లో పోయారు. జేమ్స్ 1956 ఫిబ్రవరిలో పోయారు. బెల్‌ఫాస్ట్‌లో కాదు, తోక్యోలో కాదు, తిరువనంతపురంలో కూడా కాదు. మన మదనపల్లెలోనే.

ఆయన కట్టిన చిత్రశాలలు వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి, చల్లగా ఉండనీ. మన దగ్గర ఉన్నవాటికి మాత్రం ఒక లైను లెక్కన్నా రాద్దాం. మీ కాలేజీలో ఇట్లాంటి బొమ్మ కనిపిస్తే, పర్మిషన్ తీసుకుని ఫోటో పంపండి. బాగున్నవి ఒక ఎపిసోడ్‌లో అందరికీ చూపిస్తా. ఉంటాను మరి, నమస్తే.